మనం నాగ్‌పూర్ కాగలమా?

(2012 ఫిబ్రవరి 18, శనివారం నాడు షామ్‌బర్గ్‌లో జరిగిన తెలంగాణవాదుల సమావేశంలో చేసిన ప్రసంగం. కాగితం చూడకుండా మాట్లాడాను. మిత్రులు అడిగితే గుర్తున్నంత వరకు రాసి పెడుతున్నాను.)

జై తెలంగాణ.

నాకు ఇచ్చిన అంశం 'విద్యార్థి ఉద్యమాలు, నేటి సమాజం'. ఇరవై నిమిషాలు అన్నారు. ఇంత పెద్ద పేరున్న విషయం మీద మాట్లాడటానికి నేను ప్రొఫెసర్‌ను కాను, కంప్యూటర్ల మీద బతికేవాణ్ణి. అందుకని లోకంలోని ఉద్యమాలన్నీ ఏకరువు పెట్టను. మన ఉస్మానియా గురించి చెప్తాను, మా మేనమామ గురించి, మా చిన్నమ్మ కొడుకు గురించి చెప్తాను. చివర్లో మన గురించి కూడా ఒక మాట అంటాను. అది కొందరికి నచ్చకపోవచ్చు. నచ్చకపోతే చాయ్ తాగేటప్పుడు నన్ను పట్టుకొని అడగండి.

ఉస్మానియా అనగానే మనకు 1969 గుర్తొస్తుంది, లేకపోతే 2009. కానీ నేను 1938 నుంచి మొదలుపెడతాను. అప్పుడు ఏడో నిజాం పాలన. యూనివర్సిటీ పెట్టి ఇరవై ఏళ్ళయింది. హాస్టల్లో పిల్లలు ప్రార్థన వేళ వందేమాతరం పాడుకుంటున్నారు. పాడొద్దన్నారు. వాళ్ళు వినలేదు, సమ్మె చేశారు. ఉస్మానియాలోనూ, దాని కింద ఉన్న కాలేజీల్లోనూ వందల మందిని బయటికి పంపేశారు. సంస్థానంలో ఇంకెక్కడా చదువుకోవడానికి వీల్లేదు. అక్కడితో వాళ్ళ కథ అయిపోవాలి. కాలేజీ నుంచి తీసేసిన పిల్లవాడు ఊరికెళ్ళి ఎద్దుల వెనక నడవాలి, లేదా అంగట్లో కూర్చోవాలి.

అప్పుడు నాగ్‌పూర్ యూనివర్సిటీ తలుపు తీసింది. వైస్ ఛాన్సలర్ కేదార్ గారు 'మా దగ్గరికి రండి, చేర్చుకుంటాం' అన్నారు. రైలెక్కి వెళ్ళారు పిల్లలు. భాష వేరు, ఊరు వేరు, చేతిలో డబ్బుల్లేవు. అయినా చదువు ఆగలేదు. అలా వెళ్ళినవాళ్ళలో పి.వి. నరసింహారావు ఒకరు. ఆయన తర్వాత ఏం చేశారు, 1971లో ముఖ్యమంత్రి అయ్యాక మనకు ఏం చేశారు, ఏం చేయలేకపోయారు అన్నది వేరే సభకు సరిపడే సంగతి. నేను చెప్పేది ఇంతే. పాట పాడినందుకు కాలేజీలోంచి గెంటేసిన ఒక కుర్రవాడు దేశానికి ప్రధానమంత్రి అయ్యాడంటే, మధ్యలో నాగ్‌పూర్ ఉంది. నాగ్‌పూర్ వాళ్ళు ఆ పిల్లల తరఫున పాట పాడలేదు. సీటు ఇచ్చారు.

ఈ ముక్క మనసులో పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

1952 గురించి ఎక్కువ చెప్పను. ముల్కీ ఉద్యమం వరంగల్‌లో విద్యార్థులే లేపారు. సెప్టెంబరు 3న హైదరాబాద్ సిటీ కాలేజీ దగ్గర కాల్పులు జరిగాయి. బూర్గుల రామకృష్ణారావు గారి ప్రభుత్వం విచారణ వేసింది. నాలుగేళ్ళకు పెద్దమనుషుల ఒప్పందం మీద సంతకాలయ్యాయి, రాష్ట్రం కలిపేశారు. ఆ ఒప్పందంలో ఉన్నవి అమలు చేసి ఉంటే 1969 వచ్చేది కాదు.

1969 దగ్గర కొంచెం ఆగుతాను, ఎందుకంటే అది మా ఇంట్లోకి వచ్చింది.

పాల్వంచలో థర్మల్ స్టేషన్ కట్టారు. స్థానికుల ఉద్యోగాలు స్థానికులకు రావడం లేదని అక్కడ కార్మికులు, నిరుద్యోగులు మొదలుపెట్టారు. జనవరి 8న ఖమ్మంలో రవీంద్రనాథ్ అనే విద్యార్థి నిరాహార దీక్షకు కూర్చున్నాడు. రెండు వారాలు తిరగకుండా కాలేజీలన్నీ బయటికొచ్చాయి. సదాశివపేటలో తూటా పేలింది. అక్కడ మొదలైన చావుల లెక్క 369 అని ఉద్యమం చెప్పుకుంటుంది. గన్‌పార్కులో ఎక్కా యాదగిరిరావు గారు చెక్కిన స్తూపం ముందు మనం ఇండియా వెళ్ళినప్పుడల్లా నిలబడి ఫోటో దిగుతాం. అది వాళ్ళదే.

మా మేనమామ అప్పుడు వరంగల్‌లో పీయూసీ. పద్దెనిమిదేళ్ళు. ఆయన నాయకుడేం కాదు, ఊరేగింపులో వెనక నడిచినవాడు. రెండుసార్లు పట్టుకుపోయి ఒకసారి రాత్రికి వదిలిపెట్టారు, ఇంకోసారి కొన్నాళ్ళు జైల్లో ఉంచారు. నెలల తరబడి కాలేజీలు మూతబడ్డాయి, చదువు ఏడాది పోయింది. ఏడాది పోతే ఏముంది, మళ్ళీ చదువుకోవచ్చు కదా అంటారు ఇప్పటి పిల్లలు. మా తాతకు రెండెకరాలు. ఒక కొడుకును పట్నంలో ఉంచి చదివించడానికి ఏ సంవత్సరానికి ఆ సంవత్సరం అప్పు తెచ్చాడు. పోయిన సంవత్సరానికి మళ్ళీ అప్పు పుట్టలేదు. మామ కిరాణా దుకాణం పెట్టుకున్నాడు. ఇప్పటికీ అదే.

ఇంకో సంగతి మామ చెప్తేనే నాకు తెలిసింది. 1971 మార్చిలో పార్లమెంటు ఎన్నికలు. తెలంగాణ ప్రజా సమితి తెలంగాణలో 14 సీట్లకు 10 గెలిచింది. మామ రాత్రిళ్ళు మైదా జిగురు కలిపి గోడలకు పోస్టర్లు అంటించాడు. "మరి ఓటు ఎవరికేసినవ్ మామా, గదే పార్టీకా?" అని అడిగాను ఒకసారి. నవ్వాడు. "నాకు ఓటు యాడిది రా? ఇరవై ఏండ్లే కద అప్పుడు" అన్నాడు.

అప్పటిదాకా నాకు తట్టనే లేదు. ఆ రోజుల్లో ఓటు వయసు 21. మన దేశంలో 18కి తగ్గింది 1989లో. అంటే 1969లో తూటాకు ఎదురు నిలబడ్డ పిల్లల్లో చాలామందికి ఓటే లేదు. వాళ్ళ కోపానికి దారి రోడ్డే, వేరే ఏదీ లేదు. ఆ రోడ్డు మీద పుట్టిన బలాన్ని ఓటున్నవాళ్ళు, పార్టీలున్నవాళ్ళు చేతుల్లోకి తీసుకున్నారు. పది సీట్లు గెలిచిన ప్రజా సమితిని అదే ఏడాది సెప్టెంబరులో చెన్నారెడ్డి గారు కాంగ్రెస్‌లో కలిపేశారు. "విలీనం అన్న మాట రేడియోల విన్న. మైదా జిగురు చేతులకు ఇంక అంటుకునే ఉన్నట్టనిపించింది" అంటాడు మామ. మామకు నాగ్‌పూర్ దొరకలేదు. ఆయనలాంటివాళ్ళు ఎంతమందో ఎవరూ లెక్క రాయలేదు. చనిపోయినవాళ్ళకు స్తూపం ఉంది. చదువు పోయినవాళ్ళకు ఏదీ లేదు.

ఇక్కడ ఒక న్యాయమైన మాట కూడా చెప్పాలి. ఇది మన ఒక్కరి కథ కాదు. 1966లో విశాఖ ఉక్కు కోసం అటువైపు విద్యార్థులు తూటాలు తిన్నారు. 1972-73 జై ఆంధ్రలో కూడా పిల్లలే ముందున్నారు, పిల్లలే పోయారు. పెద్దలు ఆరు సూత్రాల దగ్గర సర్దుకున్నారు. ఆ ఇళ్ళల్లో కూడా ఒక మామ ఉండే ఉంటాడు. వాళ్ళ డిమాండ్‌తో మనకు పేచీ ఉండొచ్చు, వాళ్ళ ఏడుపుతో లేదు.

అమెరికాకే రండి. 1970 మే 4. ఇక్కడి నుంచి కారులో ఆరు గంటలు పోతే ఒహాయోలో కెంట్ అనే ఊరు. వియత్నాం యుద్ధం వద్దన్న విద్యార్థుల మీద నేషనల్ గార్డ్ 13 సెకన్లపాటు కాల్పులు జరిపితే నలుగురు పోయారు. అప్పటికి ఇక్కడ కూడా చాలా రాష్ట్రాల్లో ఓటు వయసు 21. పద్దెనిమిదేళ్ళవాణ్ణి యుద్ధానికి పంపొచ్చు, ఓటు మాత్రం ఇవ్వరు. మరుసటి ఏడాది రాజ్యాంగం సవరించి 18కి దించారు. వాళ్ళు ఒక్క ఏడాదిలో చేసింది మనవాళ్ళు చేయడానికి మరో పద్దెనిమిదేళ్ళు పట్టింది.

సరే, 2009కి వద్దాం. మీలో చాలామంది ఆ రోజులు టీవీ ముందు గడిపారు. నవంబరు 29న కేసీఆర్‌ను కరీంనగర్ దగ్గర అరెస్టు చేసి ఖమ్మం తీసుకుపోయారు. అదే రోజు ఉస్మానియాలో లాఠీలు విరిగాయి. మర్నాడు దీక్ష విరమించారన్న వార్త వచ్చింది. ఆ రాత్రి క్యాంపస్ ఎట్లా భగ్గుమన్నదో గుర్తుందా? దీక్ష కొనసాగింది. చరిత్ర రాసేవాళ్ళు ఆ ఒక్క రాత్రి గురించి ఒక అధ్యాయం రాయాలి. నాయకుణ్ణి వెనక్కి తిరగనివ్వని కావలి అది. 1971లో మా మామ తరానికి చేతకానిది ఈ పిల్లలకు చేతనైంది. సెలవులిచ్చి హాస్టళ్ళు ఖాళీ చేయమంటే కదల్లేదు. డిసెంబరు 9న చిదంబరం గారు ప్రకటన చేసినప్పుడు అక్కడ అర్ధరాత్రి కావస్తోంది, మనకిక్కడ మధ్యాహ్నం. నేను ఆఫీసులో లంచ్ డబ్బా తెరిచి తినడం మర్చిపోయాను. రెండు వారాలకు, 23న, ఆ మాట వెనక్కి పోయింది. జనవరి 3న ఆర్ట్స్ కాలేజీ ముందు విద్యార్థి గర్జన. దానికి అనుమతి కూడా హైకోర్టు దాకా వెళ్ళి తెచ్చుకోవలసి వచ్చింది.

ఇక మా తమ్ముడి సంగతి. సొంత తమ్ముడు కాదు, చిన్నమ్మ కొడుకు. అప్పుడు హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి ఎం.ఏ. చదువుతున్నాడు. ఇంట్లో కాలేజీ గడప తొక్కినవాడు వాడే మొదలు.

2010 ఫిబ్రవరి 14 రాత్రి ఉస్మానియా క్యాంపస్‌లో బలగాలు పిల్లలను కొట్టిన వీడియోలు మనమంతా చూశాం. మనకప్పుడు ఆదివారం పగలు. చిన్నమ్మ నాకు ఫోన్ చేసి ఏడ్చింది. "నువ్వు చెప్తె ఇంటడు బిడ్డా, ఊరికి రమ్మని చెప్పు" అన్నది. నేను వాడికి ఫోన్ చేశాను. ఉద్యమం ఎవరో ఒకరు చేస్తారు, నువ్వు ముందు చదువుకో, నీ మీద కేసు పడితే అమెరికా రావడం కుదరదు అని, ఒక అన్న ఏమేం చెప్పాలో అన్నీ చెప్పాను. వాడు అంతా విన్నాడు. ఆఖరుకు ఒక్క మాట అన్నాడు.

"అన్నా, మొన్న డిసెంబరుల నువ్వు చికాగోల జెండ పట్టుకొని దిగిన ఫోటో మా హాస్టల్ గోడకు అంటిచ్చుకున్నం. ఆడ నువ్వు పట్టుకుంటె ఉద్యమం, ఈడ నేను పట్టుకుంటె కేసా?"

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. ఆ డిసెంబరు సాయంత్రం మనం డౌన్‌టౌన్‌లో చలికి వణుకుతూ గంటన్నర నిలబడ్డాం, నిజమే. ఆ తర్వాత వెచ్చగా కార్లెక్కి ఇంటికి వచ్చాం. మన మీద ఏ కేసూ పడలేదు. మన ఉద్యోగం ఎక్కడికీ పోలేదు. ఆ ఫోటో పెట్టింది ధైర్యం చెప్పడానికే. కానీ ఆ ధైర్యానికి ధర కట్టింది వాళ్ళు.

ఆ ఫోన్ తర్వాత వారం తిరగకుండా ఫిబ్రవరి 20 వచ్చింది. అసెంబ్లీ ముట్టడి పిలుపు. ఉస్మానియా ఎన్‌సీసీ గేటు దగ్గర సిరిపురం యాదయ్య ప్రాణం తీసుకున్నాడు. తల్లిదండ్రులు లేని పిల్లవాడు, అనాథాశ్రమంలో పెరిగి చదువుకున్నాడు. ఎల్లుండికి రెండేళ్ళు. అంతకు ముందు శ్రీకాంతాచారి, ఆ తర్వాత ఎంతమంది! పోయిన జూలైలో ఢిల్లీలో యాదిరెడ్డి.

ఇప్పుడు మన గురించి చెప్తానన్న మాట. మనం వాళ్ళ ఫోటోలకు దండలేస్తున్నాం, కవితలు రాస్తున్నాం, 'ఆత్మబలిదానం' అంటున్నాం. నేను కూడా అన్నాను, నేను కూడా రాశాను. ట్యునీషియాలో ఒక్క బండి మీది కూరగాయల కుర్రవాడు చనిపోతే ప్రభుత్వం కూలింది, మా దగ్గర ఇంతమంది పోయినా ఢిల్లీ కదల్లేదు అని పోయిన ఏడాది మనలో ఒకరు రాసింది చదివి నేను కూడా తలూపాను. తర్వాత రాత్రి నిద్ర పట్టలేదు. ఆ వాక్యం చదివే ఇరవై ఏళ్ళ పిల్లవాడికి ఏమని అర్థమవుతుంది? ఇంకా సరిపోలేదు అని అర్థమవుతుంది. వేల మైళ్ళ దూరం నుంచి వాడి చెవిలో మనం ఆ మాట అంటున్నాం. వద్దు. వాళ్ళను మరిచిపోమని కాదు నేను అనేది. వాళ్ళ చావును మెచ్చుకోవడం మానేద్దాం అంటున్నాను. వాళ్ళు బతికి ఉంటే గొప్ప పని చేసేవాళ్ళని రాద్దాం. వాళ్ళు బతికి ఉండాల్సింది అని రాద్దాం. యాదయ్యను ఎవరైనా ఆ పొద్దున కూర్చోబెట్టి నీ పరీక్షలు ఎప్పుడు, నీకు డబ్బులున్నాయా అని అడిగి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. అడిగే మనిషి ఉండాల్సింది అని మాత్రం తెలుసు.

మా తమ్ముడు బతికే ఉన్నాడు, దేవుడి దయ. ఊరికి పోలేదు. మూడు కేసులున్నాయి. 147, 148, 353 అని ఆ నంబర్లు వాడు హాల్ టికెట్ నంబరు చెప్పినట్టు చెప్తాడు. అల్లరి మూకలో ఉండటం, ప్రభుత్వోద్యోగి విధులకు అడ్డుపడటం. 2010 డిసెంబరు చివర్లో మన ప్రాంత కాంగ్రెస్ ఎంపీలు విద్యార్థుల మీద కేసులు ఎత్తేయాలని దీక్షకు కూడా కూర్చున్నారు. కొన్ని పోయాయి అంటారు. మా వాడివి పోలేదు. వాయిదా ఉన్న రోజు పొద్దున కోర్టుకు పోతాడు, సాయంత్రం దాకా వరండాలో కూర్చుంటాడు, ఇంకో తేదీ తెచ్చుకుంటాడు. పాస్‌పోర్టుకు పెట్టుకుంటే పోలీసు విచారణ దగ్గర ఆగుతుంది. సర్కారు ఉద్యోగం వస్తే కేసులున్నాయా అన్న కాలమ్ నింపాలి. అసలు ఉద్యోగాల కోసమే కదా ఈ పోరాటం మొదలైంది! తెలంగాణ వచ్చిన రోజు ఉద్యోగాల నోటిఫికేషన్ పడితే, తెచ్చినవాడే అర్హుడు కాకుండా పోతాడా? ఈ ప్రశ్న నాయకులను అడగాలి. ఇప్పుడే అడగాలి, వచ్చాక కాదు. 1971 అనుభవం ఉన్నవాళ్ళం మనం.

మొన్నటి సకల జనుల సమ్మెలో నలభై రెండు రోజులు ఉద్యోగులు, సింగరేణి కార్మికులు, లాయర్లు అందరూ పనిమానేశారు. ఉద్యమం పిల్లల భుజాల మీంచి కొంత దిగింది. అది నాకు చాలా ఊరటనిచ్చింది. అయినా కేసులు మాత్రం పిల్లల పేరు మీదే ఉన్నాయి.

వెనక వరుసలో నిలబడ్డ తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక మాట. మీరు ఈ మధ్యే చదువుకోడానికి వచ్చినవాళ్ళు. ఇక్కడ వీసా మీద ఉండి నోరు విప్పాలంటే భయం, నాకు తెలుసు. పోయిన ఏడాది జనవరిలో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ మూసేసినప్పుడు వెయ్యి మందికి పైగా పిల్లలు రోడ్డున పడ్డారు, ఎక్కువమంది మన తెలుగువాళ్ళే. కొందరి కాళ్ళకు రేడియో కడియాలు వేశారు. వాళ్ళ తరఫున ఈ దేశంలో ఎంతమంది పెద్దలం రోడ్డెక్కాం? కొందరు సాయం చేశారు, కాదనను. 'తెలిసీ తెలియక అలాంటి కాలేజీల్లో ఎందుకు చేరాలి' అన్నవాళ్ళే ఎక్కువ. ఆ మాట మా ఇంట్లో డైనింగ్ టేబుల్ దగ్గర కూడా వినబడింది. మీరు మాట్లాడకపోతే పిరికివాళ్ళని నేను అనను. మా తమ్ముడికి నేను ఏం చెప్పానో ఇప్పుడే విన్నారు కదా.

ఇక నాగ్‌పూర్ దగ్గరికి వస్తాను.

ఇక్కడ మనం చాలానే చేస్తున్నాం. బతుకమ్మ ఆడుతున్నాం, సభలు పెడుతున్నాం, నాయకులు వస్తే ఎయిర్‌పోర్టుకు పూలదండలతో పోతున్నాం. పోయిన ఏడాది ఒక సభకు హాలు, బ్యానర్లు, భోజనాలు అన్నీ కలిపి ఎంత అయిందో ఖర్చు రాసిన కాగితం నా దగ్గరుంది. అంకె చెప్పి ఎవరినీ నొప్పించను. ఆ డబ్బుతో ఎంతమంది పిల్లల పరీక్ష ఫీజులు, లాయరు ఖర్చులు, వాయిదాలకు బస్సు చార్జీలు వెళ్ళేవో లెక్కేశాను. అందుకే ఇవాళ బగారా అన్నం మీ ఇళ్ళ నుంచి తెమ్మన్నాం. బాగుంది కూడా.

మా తమ్ముణ్ణి, వాడి స్నేహితులను అడిగి ఒక జాబితా రాయించాం. ఉస్మానియా, కాకతీయ రెండు చోట్లా చదువుతున్నవాళ్ళు, కేసులున్నవాళ్ళు, చదువు మధ్యలో ఆగినవాళ్ళు. పేర్లు ఎక్కడా పెట్టం, ఇంటర్నెట్‌లో అసలే పెట్టం. ఒక్కో కుటుంబం ఒక్కరిని తీసుకోండి. డబ్బు ఒక్కటే కాదు. నెలకు రెండుసార్లు ఫోన్ చేయండి. ఉపన్యాసం ఇవ్వకండి, ఉద్యమం చెయ్యమనో మానమనో చెప్పకండి, అది వాళ్ళు తేల్చుకుంటారు. తిన్నావా, వాయిదా ఎప్పుడు, పుస్తకాలున్నాయా అని అడగండి. ఎవరి గొంతులోనైనా తేడా వినబడితే ఆ రాత్రికి రాత్రే నాకు చెప్పండి. అక్కడ పక్క గదిలో ఉండే స్నేహితుడి నంబరు నా దగ్గర ఉంటుంది. ఆఫీసు టైమా, కాదా అని చూడకండి.

మామకు ఈ సంగతి ఫోన్‌లో చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఒకనికి పరీక్ష ఫీజు నేను కడత, దుకాణంల పైసలున్నయి, నా పేరు రాసుకో" అన్నాడు. అందుకే మొదటి గడిలో మామ పేరుంది.

కాగితం ఆ తలుపు పక్కన బల్ల మీద పెట్టాం. పెన్ను కూడా ఉంది, దయచేసి జేబులో వేసుకొని పోకండి, పోయినసారి అట్లనే పోయింది. జాబితాలో ముప్పై ఒక్క మంది ఉన్నారు. సభలో కుటుంబాలు నలభై దాకా కనబడుతున్నాయి.

జై తెలంగాణ.